రెండోసారి పెట్టిన వేలు

నగరి నుంచి వచ్చిన సుబ్బులమ్మ కుర్చీ అంచున కూర్చుని, మోగని ఫోనును ఒడిలో పట్టుకుంది. పేద కుటుంబాలకు ప్రభుత్వం సబ్సిడీ మీద ఇచ్చిన లైను అది, ఇంటికి ఒకటే. ఆమె పేరున రెండో సిమ్ము ఉందనీ, దాంతో ఎవరో తిరుమలలో గదులిప్పిస్తామని భక్తులను మోసం చేశారనీ పోలీసులు వచ్చి అడిగారట. ఉన్న లైను కూడా ఆపేశారు.

"మా ఆయనకు డయాలిసిస్ అమ్మా. ఆస్పత్రోళ్లు ఈ నెంబరుకే చేస్తారు. ఎత్తకపోతే మా వంతు ఇంకొకరికి పోతాది."

తిరుపతిలో డిటెక్టివ్‌గా పేరున్న చంద్రకాంతమ్మ, సిమ్ము తీసుకున్న రోజు సంగతి అడిగింది. సహాయకురాలు లోహిత పక్కనే కూర్చుని వింది. సుబ్బులమ్మ వాళ్ళ వీధిలో సిమ్ముల శిబిరం పెట్టారు. వార్డు ఆఫీసు రాజారత్నం ఆధార్ జిరాక్సులు తీసుకుంటే, సెల్లు కొట్టు మునికుమార్ వేలిముద్రలు వేయించి సిమ్ములిచ్చాడు.

"నా ఏలు తొలిసారి పళ్ళేదు, మళ్ళీ పెట్టమన్నాడు. నూలు ముళ్ళేసి ఏళ్ళు అరిగిపోయినాయి గదా. రేషను కాడ గూడా ఇంతే."

లోహితకు రాజారత్నం మీదే అనుమానం. జిరాక్సులు అతని దగ్గరే ఉన్నాయి. పైగా ఇద్దరూ నగరి వెళ్ళి ప్రశ్నించినప్పుడు మాట తడబడ్డాడు. మునికుమార్ మాత్రం కాఫీ తెప్పించి, నేతోళ్ల వేళ్ళు మిషనుకు ఆనవనీ, ఎవరైనా రెండుసార్లు పెట్టాల్సిందేననీ నవ్వుతూ చెప్పాడు.

తిరుగుదారిలో చంద్రకాంతమ్మ అదే వీధి చివర దేవకమ్మ అనే ఆమె బండి దగ్గర ఇడ్లీ తింది. పుత్తూరు నుంచి వచ్చి స్థిరపడిన దేవకమ్మకు మగ్గం పని తెలియదు. శిబిరంలో ఆమె కూడా రెండుసార్లు వేలు పెట్టిందట. చంద్రకాంతమ్మ ఇంకో ఇడ్లీ వేయమంది. ఆ శాంతం చూసి, మేడమ్‌కు తెలిసిపోయిందని లోహిత అనుకుంది.

మరునాడు రేషను కొట్టు ముందు అందరినీ పిలిపించింది. ఎస్సై కూడా వచ్చాడు. దేవకమ్మ వేలు పెట్టగానే మిషను తీసుకుంది.

"రాజారత్నం గారు భయపడింది పోలీసులకు. వట్టి జిరాక్సుతో ఆ సిమ్ము రాదు, వేలు కావాలి," అంది చంద్రకాంతమ్మ. "ఈమె వేలు ఇక్కడ ఒక్కసారికే పడింది. నీ దగ్గర ఎందుకు పడలేదు మునికుమార్?"

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మొదటిసారే పడింది. పడలేదని చెప్పి, రెండోసారి పెట్టించి ఇంకో సిమ్ము తీశావు. అరిగిన వేళ్ళవాళ్ళు పడలేదంటే నమ్ముతారు. ఆ అబద్ధమే మగ్గమెరగని ఆమెకూ చెప్పావు. నువ్వు దొరికిపోయింది అక్కడే."

చెన్నై మనిషికి సిమ్ములు అమ్మానని మునికుమార్ ఒప్పుకున్నాడు. సుబ్బులమ్మ తిట్టలేదు.

"మీయమ్మ ఏళ్ళు గూడా నా మాదిరే ఉండాయి గదరా మునీ."

ఎస్సై వచ్చి చేయి పట్టుకున్నా అతను తల ఎత్తలేకపోయాడు.

లైను మళ్ళీ ఇవ్వడానికి ఫోను ఆఫీసులో సుబ్బులమ్మ వేలు పెట్టింది. గుమాస్తా మామూలుగానే, పడలేదు, మళ్ళీ పెట్టమన్నాడు. ఆమె చేయి చటుక్కున కొంగులోకి లాక్కుంది. చంద్రకాంతమ్మ బల్ల చుట్టూ వెళ్ళి, మిషను తెర తనే చూసి వచ్చింది.

"ఈసారి నిజంగానే పడలేదు సుబ్బులమ్మా. పెట్టు."

సుబ్బులమ్మ వేలు కొంగుకు తుడుచుకుని పెట్టింది. లైను వచ్చేదాకా లోహితతో కలిపి ముగ్గురూ అక్కడి బెంచీ మీదే కూర్చున్నారు. తర్వాత ఫోను మోగినప్పుడు ఆమె లేచి నిలబడి మాట్లాడింది.

"తెల్లారి బస్సుకే మా ఆయన్ని తీసకొస్తాను సార్. ఈ నెంబరే, ఉండాది."