గోల్ఫ్ బ్యాగ్‌లో ఏడువందల ఏళ్ల కత్తి

నగోయా స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడి నూడుల్స్ తింటున్న గోండా అనే రౌడీ ఉన్నట్టుండి గిన్నెలోకే మొహం వాల్చేశాడు. పక్కవాళ్లు తాగుబోతనుకుని జరిగారు. పులుసులో ఏం పడిందో వేసినవాడికీ, వెయ్యమన్న కుజికీ తప్ప ఎవరికీ తెలీదు. బుల్లెట్ రైలు వచ్చి వెళ్లేలోపు గోండా స్ట్రెచర్ మీదికీ, అతని గోల్ఫ్ బ్యాగ్ కుజి కారులోకీ చేరాయి.

కుజి రహస్య విభాగానికి అధిపతి. చూడ్డానికి బడిపంతులు. చీమను తొక్కినా క్షమించమనేవాడు, మనిషిని చంపించాక మాత్రం టైము చూసుకుంటాడు. అతని పక్కన వెనక సీట్లో ఏజెంట్ ఇసోబె ఉన్నాడు.

"విప్పు," అన్నాడు కుజి.

ఇసోబె జిప్ లాగాడు. ఇనప తలల గోల్ఫ్ కర్రల మధ్య, తెల్లచెక్క ఒరలో ఒక కత్తి ఉంది. బిజెన్ సీమలోని ఒక గుడి నుంచి పోయిన నెల మాయమైంది ఇదే. ఇసోబె పసితనం నుంచి కత్తి సాధన చేసినవాడు. దాన్ని అలా చూసేసరికి కర్రలను గబగబా పక్కకి నెట్టాడు.

"గుడ్డపీలికైనా చుట్టలేదు సార్, వెధవ. రైలు కుదుపుకి జారి బయటికొస్తే?"

"వాడి పద్ధతే నయం. పట్టు సంచీలో పెట్టి తీసుకెళ్తే అడుగడుగునా పోలీసులు ఆపి రిజిస్ట్రేషన్ కాగితం చూపించమంటారు. గోల్ఫ్ ఆడేవాణ్ణి ఎవడడుగుతాడు? ఇక విను. ఒదవారా కొండ మీద ఉత్సుమి అనే ముసలాడున్నాడు. కత్తుల మంచీచెడూ తేల్చడంలో దేశంలోనే దిట్ట. విదేశీ ముఠా ఎత్తుకొచ్చిన ఇంజనీర్లను పడవ ఎక్కించేదాకా దాచేదీ వాడే. కూలి డబ్బుగా పుచ్చుకోడు. కత్తి ఇస్తేనే మనిషిని ఇస్తాడు. ప్రతిసారీ ముఠా పంపిన ఒక కొత్త రౌడీ కత్తి తెస్తాడు. ఈసారి ఆ రౌడీవి నువ్వు."

"సరుకెవరు సార్?"

కుజి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "మన జలాంతర్గాముల ఇంజనీరు. మీ తమ్ముడు తెత్సురో."

 తమ్ముడు కనిపించకుండా పోయినప్పటి నుంచి ఇసోబెకి సరిగ్గా కునుకు లేదు. కుజి జేబులోంచి ఒక పెన్ను తీసి ఇచ్చాడు.

"మూత నొక్కితే సూది వస్తుంది. గుచ్చితే రెండు ఊపిర్లలో పని పూర్తి. ఇది ఉత్సుమికి కాదు. మీవాణ్ణి తేలేకపోతే, పడవ ఎక్కనివ్వకు. అర్థమైందిగా?"

"మా అమ్మకి నేనేం చెప్పను సార్?"

"ఆవిడకి నువ్వొక్కడివైనా మిగులుతావని చెప్పు."

రైల్లో పక్క సీటు రురికోది. క్లబ్బు గాయని. ఆకుపచ్చ సిల్కు గౌను వేసుకుని, పెట్టె మొత్తం తన వంకే చూసేలా కూర్చుంది. నిన్నటిదాకా ముఠా మనిషి, ఇవాళ కుజి మనిషి. రౌడీ అసలువాడేనని ఉత్సుమికి చెప్పాల్సింది ఆవిడే.

ఇసోబె తన ఉన్ని మఫ్లర్‌ను ఒరకు చుట్టి, పిడి జారకుండా తాడు బిగించి, పదును పైకుండేలా సర్ది, బ్యాగ్‌ను మోకాళ్ల మధ్య నిలబెట్టి పట్టుకున్నాడు. రురికో నవ్వింది.

"కొత్త పెళ్లాన్ని కూడా ఇంత పదిలంగా తీసుకెళ్లరండీ. గోండా అయితే దాన్ని పైన సామాన్ల మీద పడేసి గురక పెట్టేవాడు. మీరు రౌడీ అన్న సంగతి కాస్త గుర్తుంచుకోండి."

ఇసోబె పళ్లు కొరుక్కుని మఫ్లర్ విప్పేశాడు. బ్యాగ్‌ను సామాన్ల మీదికి విసిరాడు. లోపల కర్రలు ఖణేలుమన్నప్పుడు మాత్రం కళ్లు మూసుకున్నాడు. ఒదవారా వచ్చేదాకా పైకి చూడలేదు.

ఉత్సుమి ఇంట్లో నీళ్లు కాచే కుంపటి మీద ఇనప కెటిల్ సలసల కాగుతోంది. సన్నగా, శుభ్రంగా ఉన్నాడు ముసలాయన. పక్కగది తలుపు జరిపి చూపించాడు. చెక్కపెట్టెలో తెత్సురో కట్టేసి ఉన్నాడు. చేతి వేళ్లకు కట్లు, కట్ల మీద ఎండిన నెత్తురు.

"మాట్లాడడం లేదన్నారు పై వాళ్లు. గోళ్లు తీశాను. ఆరోదానికి గొంతు బాగానే లేచింది," అన్నాడు ఉత్సుమి, చెట్టు కొమ్మ కత్తిరించిన సంగతి చెప్తున్నట్టు.

తమ్ముడు అన్నను గుర్తుపట్టాడు. గుర్తుపట్టి, ఎరగనట్టు తల దించుకున్నాడు.  ఇసోబె రౌడీలాగే ముక్కు చీది, "సరే పెద్దాయనా, నీ కూలి నీది, నా సరుకు నాది. కానియ్యి," అన్నాడు.

చాప మీద కూర్చున్నాడు. కత్తి తీసి పక్కన పెట్టాడు.

అక్కడే అయిపోయింది. చెయ్యి దాని అలవాటు అది చేసుకుపోయింది. కత్తిని కుడిపక్కన, పదును తన వైపుకు, చాప అంచుకు సమంగా, చప్పుడు కాకుండా పెట్టింది. పెట్టాక తల కూడా ఓ అంగుళం వంగింది.

ఉత్సుమి కిమోనో చేతిలోంచి పిస్తోలు వచ్చింది. గురి ఇసోబె మీద కాదు, పక్కగదిలో తెత్సురో నుదుటి మీద.

"ఇన్నాళ్లూ వచ్చినవాళ్లంతా దీన్ని కట్టెపుల్లలా విసిరేశారు. నీకెవరు నేర్పారు నాయనా? మీ తాతా?"

రురికో చటుక్కున రెండడుగులు పక్కకి జరిగింది. "నన్ను బెదిరించి తీసుకొచ్చాడండీ, అయ్యగారూ. నాకేం తెలీదు."

"నీ సంగతి తర్వాత," అన్నాడు ఉత్సుమి. ఆయన చూపు మాత్రం తెల్లచెక్క మీదే అతుక్కుపోయింది. "చచ్చేముందు ఒక మంచిపని చెయ్యి. ఒర తీసి వెలుగులో పట్టు. జాగ్రత్త. నీ చెయ్యి వణికితే నా వేలు కదులుతుంది."

ఇసోబె పదును పైకి తిప్పి మెల్లగా దూశాడు. కిటికీ ఎండలో కత్తి మెరిసింది. ముసలాడి పెదవులు విడిపోయాయి. అబ్బ, అన్నాడు, పసిబిడ్డను చూసినట్టు.

ఇసోబె కత్తిని ఇనప కెటిల్ మీదికి విసిరేశాడు.

తెత్సురోను కాల్చేందుకు ఉత్సుమికి కావలసినంత వ్యవధి ఉంది. వేలు కదిపితే చాలు. కానీ ఆ పదును ఇనుముకు తగిలితే పెచ్చు లేచిపోతుంది. ఏడువందల ఏళ్లలో ఎవరూ చెయ్యని గాటు తన ఇంట్లో పడుతుంది. ముసలాడు పిస్తోలు వదిలేసి, రెండు చేతులూ చాచి, దూకి పట్టుకున్నాడు. పదునునే పట్టుకున్నాడు. నాలుగు వేళ్లు చాప మీద రాలాయి.

రురికో పిస్తోలు కోసం వంగింది. ఇసోబె అప్పటికే ఆమె పక్కనున్నాడు. తమ్ముడి కోసం ఇచ్చిన సూది ఆమె మెడలో దిగింది. "ఏమండీ, నేను మీ..." అంటూనే ఆకుపచ్చ సిల్కులో కూలిపోయింది. నిజంగా ఎవరి మనిషో చెప్పేలోపే రెండు ఊపిర్లూ అయిపోయాయి.

ఉత్సుమి అరవలేదు. తెగిన వేళ్ల వంక చూడను కూడా లేదు. కత్తిని ఒడిలో పెట్టుకుని అడిగాడు. "పదును... ఎక్కడైనా విరిగిందా? నాకు నెత్తురు అడ్డమొస్తోంది. కాస్త చూసి చెప్పు నాయనా."

ఇసోబె కత్తి లాక్కున్నాడు. నెత్తురు తుడిచి పిడి నుంచి మొన దాకా చూశాడు. చిన్న గీతైనా లేదు. తిరిగి ఒరలోకి తోసేశాడు.

"విరిగితే మాత్రం ఏం? నకిలీది. అసలుది ఎప్పుడో గుడికి చేరింది. ఇది మా విభాగం చేయించిన బొమ్మకత్తి. దిట్టవి కదా, పోల్చుకోలేకపోయావేం?"

"అబద్ధం. ఒక్కసారి ఇలా తే. ఒక్కసారి చూస్తాను."

"ఏ చేత్తో పట్టుకుంటావు?"

వేళ్లు తెగినప్పుడు కేక పెట్టని మనిషి అప్పుడు బావురుమన్నాడు. ఇసోబె నిలబడి కాసేపు విన్నాడు. ఆ ఏడుపు అతనికి హాయిగా ఉంది. ఆ తర్వాతే వెళ్లి తమ్ముణ్ణి కట్టేసిన తాళ్లు విప్పాడు.

కొండ దిగువన కుజి కారులో తెత్సురో కట్లున్న చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అన్న తన కోటు విప్పి కత్తికి చుడుతుంటే వింతగా చూశాడు.

"నకిలీదానికి ఇంత సేవ ఎందుకన్నయ్యా?"

"నకిలీదెక్కడిదిరా, అసలుదే," అన్నాడు ఇసోబె. "వాడికి మాత్రం చచ్చేదాకా నకిలీదే."