వలందర రేవులో ఇచ్చిన మాట

నర్సాపురాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. అంత ముద్దొచ్చే ఊరు. పాత పెంకుటిళ్ల అరుగుల మీద ఆడవాళ్లు కబుర్లాడుకుంటూ లేసు అల్లుతుంటారు. వీధి చివర వశిష్ఠ గోదావరి. ఎప్పుడో వలందులు, అంటే డచ్చివాళ్లు, ఓడలు దిగారని చెప్పుకునే వలందర రేవు. అవతలి ఒడ్డుకి మనుషుల్నీ మోటార్ సైకిళ్లనీ దాటించే పంటు. 1998 కార్తీకంలో పాలకొల్లు శివుణ్ని చూసుకుని, పదకొండింటికి అక్కడికి చేరాం. నేను, నా భార్య సుబ్బలక్ష్మి, ఆరేళ్ల కూతురు రసజ్ఞ, మా మారుతి కారు. మర్నాడు అంతర్వేది వెళ్లాలని మా ఆలోచన.

"హైదరాబాద్ దుమ్మంతా వదిలిపోయినట్టుందండీ," అంది సుబ్బలక్ష్మి, నీళ్లలో కాళ్లు పెట్టి.

నేనూ ఒకటి వదిలించుకోడానికే వచ్చాను. ఆ సంగతి ఆమెకి సగమే తెలుసు.

నేను సివిల్ ఇంజనీర్ని. మాదాపూర్ బండల మధ్య అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. అలాంటి ఒక మేడకి పునాది నా చేతుల మీదుగా పడింది. ఏ మేడో చెప్పను. జూలైలో కాంక్రీట్ పోస్తుండగా సాయిలు అనే పాలమూరు కూలీ పునాది గుంటలో పడ్డాడు. పోత మధ్యలో ఆపితే అతుకు పడుతుంది, మొత్తం పగలగొట్టాలి. అందుకని ఆపలేదు. శవం లేదు, కేసూ లేదు. వాడు పని మానేసి పారిపోయాడని అందరికీ చెప్పాం. "క్షణంలో అయిపోయింది, పాపం," అని ఇంట్లో చెప్పాను. సుబ్బలక్ష్మి ఆ పూట అన్నం మానేసింది. మర్నాడు తింది.

సాయిలు పెళ్ళాం కొమురమ్మ మాత్రం రోజూ సద్దిడబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడేది.

"సారూ, మావోడు ఏడికి పోయిండో జర చెప్పుండ్రి."

"ఇంకొకతెని చూసుకుని ఉంటాడు. బొంబాయి వెళ్లి వెతుక్కో," అన్నాను. మేస్త్రీలు నవ్వారు. నేనూ నవ్వాను.

అయితే ఆగస్టు నుంచీ ఆ పునాది మీద కాలు పెడితే అరికాళ్ల కింద ఎవరో గోళ్లతో గోకుతున్నట్టు ఉండేది. బూట్లు మార్చాను. పోలేదు. "గోదావరి ఒడ్డున ఒక పిండం పెట్టేసి వదిలించుకోండి," అని సుబ్బలక్ష్మే సలహా ఇచ్చింది.

రేవులో రామబ్రహ్మం గారని పిండాలు పెట్టించే ఒక పెద్దాయన దొరికారు.

"పోయినాయన మీకేమవుతారండి?"

"తెలిసినవాడండి."

"గోత్రం?"

"తెలియదు."

ఆయన మరేం అడక్కుండా తంతు జరిపించి, పిండాన్ని అరిటాకులో మెట్టు మీద పెట్టించారు. గోడ మీద పాతిక కాకులు బారులు తీరి ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. ఒక్కటీ అరవలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. రేవంతా నిశ్శబ్దం... గోదారి నీటి వాసన ఆగిపోయి, ఎక్కడినుంచో తడి సిమెంట్ వాసన వచ్చింది.

"ఏదో కోరిక మిగిలిపోయిందండి," అన్నారాయన మెల్లగా. "తీరుస్తానని మాటివ్వండి. అప్పుడు ముడతాయి."

నీ పెళ్ళాన్ని చూసుకుంటానన్నాను. ముట్టలేదు. నీ పేరు మీద ఏటా అన్నదానం చేస్తానన్నాను. ముట్టలేదు. వాడు కోరేదేమిటో నాకు తెలుసు. 'కొమురమ్మకి నిజం చెబుతాను' అన్న మాట నాలిక చివరికి వచ్చింది. మింగేశాను.

రసజ్ఞకి విసుగొచ్చింది. కాకుల వైపు చెయ్యి ఊపింది. "పోనీ మాతో వచ్చెయ్. కార్లో నా పక్కన సీటు ఖాళీయే."

ఒక కాకి దిగింది. మెతుకు మిగల్చకుండా తినేసింది.

"పసిపిల్ల మాటయినా, మీ ఇంటి మాటేనండి," అన్నారు రామబ్రహ్మం గారు. దక్షిణ కూడా తీసుకోకుండా గబగబా మెట్లెక్కి వెళ్లిపోయారు.

అంతర్వేది వద్దనుకున్నాం. కారు తిప్పాను.

తాడేపల్లిగూడెం దాటాక వెనకనుంచి గుసగుసగా వినిపించింది. "నాన్నా... ఈ మామయ్య తడిగా ఉన్నాడు."

తిరిగి చూశాను. సీటు ఖాళీ. కానీ కుంగి ఉంది.

"నాన్నా, కాళ్లు చల్లగా ఉన్నాయి."

సూర్యాపేటలో టీకి ఆగితే దిగలేకపోయింది. పాదాలు పట్టుకున్నాను. రాయి.

కూకట్‌పల్లిలో మా ఇల్లు చేరాక ముగ్గురు డాక్టర్లకి చూపించాం. ఎక్స్‌రేలన్నీ బాగున్నాయన్నారు. రెండోరోజుకి మోకాళ్లు బిగుసుకున్నాయి. అయిదోరోజుకి నడుము. అప్పుడు నాకు అర్థమైంది. ఏడ్చాను. ఆ ఏడుపు కూడా ముందు నా కోసమే.

ఎందుకంటే ఆ చావు క్షణంలో అవలేదు. గంటన్నర పట్టింది. సాయిలు కాలు ఇనప చువ్వల మధ్య ఇరుక్కుంది. కాంక్రీట్ పాదాల దగ్గర ఉన్నప్పుడే చువ్వలు కోయిస్తే బతికేవాడు. కానీ మర్నాడు పెద్దలెవరో చూడటానికి వస్తున్నారు. మోకాళ్ల దాకా వచ్చినప్పుడు దండం పెట్టాడు. "సారూ, జర ఆపుండ్రి." నడుము దగ్గర పెళ్ళాం పేరు చెప్పుకుని ఏడ్చాడు. గడ్డం దాకా వచ్చాక నన్నే చూస్తూ ఉండిపోయాడు. నేను మిక్సర్ వాడి వైపు తిరిగి "ఆపొద్దు," అన్నాను.

ఇదంతా సుబ్బలక్ష్మికి చెప్పాను. ఆమె నన్ను కొట్టింది. తర్వాత నా కాళ్లు పట్టుకుంది. "ఆవిడకి చెప్పెయ్యండి. మన పిల్ల బతుకుతుంది."

చెబితే నేను జైలుకి పోతాను.

తొమ్మిదోరోజుకి గడ్డం దాకా వచ్చింది. ఆ సాయంత్రం తలుపు చప్పుడైంది. తీస్తే కొమురమ్మ. మా ఇల్లెక్కడో ఆమెకెవరూ చెప్పలేదు.

"ఆఖరిసారి అడుగుతున్న సారూ. మావోడు ఏడున్నడు?"

లోపల గదిలో రసజ్ఞ ఊపిరి గరగరమంటోంది. సుబ్బలక్ష్మి నా వైపు చేతులు జోడించింది. ఒక్క మాట... ఒక్కటంటే ఒక్కటి. నోరు తెరిచాను.

"పారిపోయాడమ్మా," అన్నాను.

గదిలో గరగర ఆగిపోయింది. సుబ్బలక్ష్మి లోపలికి పరుగెత్తింది. తర్వాత ఆమె కేక.

కొమురమ్మ కదల్లేదు. "గట్లనా సారూ," అంది. అప్పుడు చూశాను, ఆమె చేతుల్లో రెండు డబ్బాలున్నాయి. ఒకటి గడప మీద పెట్టింది.

"ఇది పాపది. వారం రోజుల సంది గేటుకాడ నా పక్కన్నే నిలవడతది గద. నిన్న సగం తిని, మిగిలింది ఇంటికి తెమ్మన్నది."

రసజ్ఞ మంచం దిగి తొమ్మిది రోజులైంది. నేను వంగి డబ్బా తీసుకున్నాను. మూత మీద చిన్న చిన్న వేలిముద్రలున్నాయి. సిమెంట్ ఇంకా ఆరలేదు.