చూపు వేసే వేళ

సైరన్ రెండోసారి మోగేసరికి వీధిలో మనిషి అలికిడి లేదు. చేపలమ్మే ఆవిడ కూడా గంప మీద గోనె కప్పేసి, తలుపు తీసి ఉన్న ఇల్లు చూసుకుని లోపలికి దూరింది. చంపావతి కాలేజీ ఆడపిల్లల కబడ్డీ జట్టుకు ఇవాళ సర్దుబాటు మ్యాచ్. ఊరంతా చూపు వెయ్యాలి.

హైమ కూతురు పండును ఒళ్ళో పెట్టుకుని ఆట కనిపించే చూపుగోడ ముందు కూర్చుంది. పిల్ల వీపు తన గుండెలకు ఆనుకుని ఉంది. అలా కూర్చుంటే తల్లి కళ్ళూ పిల్ల కళ్ళూ ఒకేసారి గోడకు అందుతాయి. ఊళ్ళో తల్లులంతా అలాగే అలవాటు పడ్డారు. పాలసీసా అయినా అన్నం ముద్ద అయినా వెనకనుంచే పిల్లల నోటికి వెళ్ళేది.

ఒకప్పుడు ఏ కాలేజీ ఏ కూటమిలో ఆడాలో పెద్దమనుషులు కూర్చుని తేల్చేవారు. పక్కపక్క ఊళ్ళను ఒకచోట కలిపేవారు. తరవాత టీవీ కంపెనీలు దిగి, జనం చూసే జట్లనే కొంటామన్నాయి. కూటములు చీలాయి, అతుక్కున్నాయి, మళ్ళీ చీలి కోర్టుకెక్కాయి. ఆ రభస భరించలేక పనంతా సర్దరి అనే యంత్రానికి అప్పగించేశారు. ప్రతి ఇంటి గోడలోనూ దాని కన్ను ఉంది. ఎవరు ఏ ఆటను ఎంతసేపు తదేకంగా చూశారో తూచి, ఏడాదికోసారి, సర్దుబాటు మ్యాచ్ నాడు, అది కాలేజీలను కొత్త కూటములుగా కడుతుంది. చూపు బాగా పడ్డవి పతాక కూటమిలోకి వెళతాయి. దేశ ఛాంపియన్‌షిప్ ఆడే అర్హత వాటికే. చూపు చాలనివి అడుగు కూటమిలోకి జారతాయి. వాటి ఆట ఏ గోడ మీదా కనిపించదు. కనిపించని ఆటకు కోచ్ ఉండడు, హాస్టల్లో సీటూ ఉండదు.

హైమ చెల్లెలు పైడమ్మ ఆ జట్టులో కూతకు వెళ్ళే పిల్ల. జట్టు జారితే దాని చదువుకు కూడా అదే ఆఖరు. హైమ చదువు ఇంటర్ మధ్యలోనే ఆగిపోయింది. చెల్లెలిదైనా సాగాలని, పండుకు కూర్చోవడం వచ్చిన దగ్గర్నుంచీ ప్రాక్టీసు ఆటలు కూడా వదలకుండా చూపు వేసింది. పసిపిల్లల చూపు నిలకడగా ఉంటుందని సర్దరి దానికి బరువెక్కువ ఇస్తుంది మరి.

పక్కింటి సింహాచలమత్త గుమ్మంలోంచి తొంగిచూసింది. వీధిలో అందరూ గోడల ముందు కూర్చున్నారో లేదో చూసే పని తనకు తనే పెట్టుకుంది ఆవిడ.

"ఏటే హైమా, గుంటకి నీళ్ళు పట్టీసినావా? మద్దెలో ఏడిసిందంటే మన సూపు పోద్ది."

"అత్తా, ఇది నా మొకం సూడ్డం లేదు."

"నీ మొకంలో ఏటుందని సూత్తాదే? రోజూ సూసిందే కదా!"

"సూడ్లేదత్తా. పొద్దున్న ఎదురుగా కూకుని పిలిత్తే, పక్కకి వొంగి గోడకేసి సూసింది. నానేదో అడ్డం వొచ్చినట్టు."

సింహాచలమత్త నవ్వేసింది. "ఓసోస్, అదా నీ దిగులు? మా ముసిలోడి కళ్ళకి శుక్లాలు. గోడ ఆడి సూపుని సూపనే అనదు. నీ గుంట బంగారం, రెప్పే వెయ్యదు. ఈది మొత్తానికి దీని సూపే బలం. ఇయాలొక్కరోజు కదపకు తల్లీ. రేపట్నుంచి నీ మొకమే సూపించుకో, ఎవలొద్దన్నారు?"

ఈ రేపట్నుంచి అనే మాట హైమ తనకు తను ఎన్నిసార్లు చెప్పుకుందో లెక్కే లేదు.

గోడ వెలిగింది. వేలమంది ఒక్కసారి అరిచినట్టు హోరు. పైడమ్మ గోడంత ఎత్తున వచ్చి తొడ చరిచింది. ఒళ్ళో పిల్ల ఒళ్ళు బిగుసుకుంది. హైమ ముందుకు వంగి పిల్ల కళ్ళలోకి చూసింది. బొమ్మ తప్ప ఇంకేం లేదు వాటిలో. "పండూ" అంది. "పండూ, అమ్మనే." పిల్ల చేత్తో ఆమె గడ్డాన్ని పక్కకు నెట్టింది, కళ్ళకు అడ్డొచ్చిన కర్టెన్‌ను నెట్టినట్టు.

హైమ పిల్లను చంకనెత్తుకుని లేచింది. గోడలో కాకుండా నిజంగా మనిషిని చూస్తే, మనిషికి ముఖమనేది ఒకటుంటుందని పిల్లకు తెలుస్తుందేమో. కాలేజీ మైదానం రెండు వీధుల అవతలే ఉంది.

"ఓలమ్మో, ఎక్కడికే?" సింహాచలమత్త గోల వీధంతా వినిపించింది. "రెండు జతల కళ్ళు ఎత్తుకుపోతంది సూడండర్రా! సెల్లి నోట్లో మట్టి కొడతావేటే?"

ఆ మాట హైమను మలుపు దాకా తరిమింది. ఒక్క క్షణం ఆగింది కూడా. చంకలో పిల్ల మెడ తిప్పి వెనక్కి, ఇంటివైపు చూస్తోంది. అప్పుడు మళ్ళీ నడిచింది.

మైదానం గేటు దగ్గర వాచ్‌మన్ ఆమెను వింతగా చూశాడు. "ఇంట్లో గోడ పాడైపోనాదేటమ్మా? ఇక్కడ సూత్తే లెక్కలోకి రాదు."

"తెలుసు బాబూ" అంది హైమ.

గ్యాలరీ ఖాళీ. మెట్ల మీద ఎండుటాకులు. గోడలో వినిపించే హోరు గోడల కోసం తయారు చేసిందే. ఇక్కడ చాప మీద పాదాల చప్పుడు, ఆయాసం, తల మీద తుమ్మెదల్లా తిరుగుతూ ఆటను గోడలకు పంపే ఎగిరే కళ్ళ రొద, అంతే. అవతలి జట్టు సువర్ణముఖి కాలేజీది. ఏటికి అటూ ఇటూ ఉన్న రెండు ఊళ్ళు. ఇవాళ్టితో ఒకటే పైకి వెళుతుంది.

పండు తల అన్ని వైపులా తిప్పి గోడ కోసం వెతుకుతోంది. దూరంగా కదులుతున్న చిన్న చిన్న మనుషులు దాని కళ్ళకు ఆనలేదు.

ఆట ఆఖరు దశలో పైడమ్మ కూతకు వెళ్ళింది. "కబడ్డీ కబడ్డీ కబడ్డీ..." హోరు లేకుండా వింటే ఆ గొంతు ఎంత సన్నగా ఉందో. పిల్ల చటుక్కున ఆగింది. గొంతు గుర్తుపట్టింది. "డ్డీ! డ్డీ!" అని కేరింతలు కొట్టింది.

ఖాళీ మైదానంలో ఆ కేక గంట కొట్టినట్టు మోగింది. పైడమ్మ తల తిరిగింది. గ్యాలరీలో అక్క, అక్క చంకలో పిల్ల. లక్షల చూపుల మధ్య ఏడాదంతా ఆడిన పిల్లకు, ఒక మనిషి వచ్చి తనను చూడడం ఎలా ఉంటుందో తెలియదు. కూత తెగిపోయింది.

ఈల మోగింది. ఔట్.

కాసేపటికి ఆట ముగిసింది, బోర్డు మీద సర్దరి తీర్పు వచ్చింది. సువర్ణముఖి పతాక కూటమికి, హర్యానా, కొల్హాపూర్ జట్ల పక్కకు. చంపావతి అడుగు కూటమికి. ఆట ఓడినందుకో, చూపు చాలనందుకో, ఆ రెండు జతల కళ్ళు లేచిపోయినందుకో, అది చెప్పలేదు. ఎప్పుడూ చెప్పదు. గెలిచిన పిల్లలు ఎగరలేదు. వాళ్ళలో ఒకతె పైడమ్మ మణికట్టు పట్టుకుని వదలకుండా, "ఒలే పైడీ, ఇంక కూతకెల్తే నిన్నెవలు పట్టుకుంతారే?" అంది.

పైడమ్మ చెమటతో, ఎర్రబడిన కళ్ళతో గ్యాలరీ దగ్గరికొచ్చింది. "ఏలొచ్చినావప్పా? ఇంటికాడ కూకుంటే సరిపోను కదా! నువ్వు కనిపించీసరికి నా ఊపిరి ఆగిపోనాది."

"ఇది నా మొకం సూడ్డం లేదే పైడీ" అంది హైమ.

చెల్లెలు పండు వైపు చేతులు చాచింది. పండు ఒక్క ఉదుటున వెళ్ళి ఆమె ముఖాన్ని రెండు చేతులా పట్టుకుని, కళ్ళలోకి చూసి, పకపకా నవ్వింది.

"ఇదిగో, సూత్తంది కదప్పా! పిచ్చిదానా, ఊరికే బయపడినావు."

హైమ ప్రాణం లేచొచ్చింది. "ఇలా తిప్పవే" అంది.

పైడమ్మ పిల్లను ఆమెకు ఎదురుగా తిప్పి పట్టుకుంది. పండు చూసింది. మొదటిసారి, తదేకంగా, రెప్ప వేయకుండా చూసింది. తరవాత పెదవి విరిచింది. ఎవరో కొత్తమనిషి మీదికొస్తున్నట్టు వెనక్కి వాలి, పిన్ని జెర్సీలో తల దాచుకుని, గుక్కపట్టి ఏడ్చింది.

"ఓలే, మీ అమ్మే" అంటోంది పైడమ్మ. "అమ్మేనే పండూ, సూడు."

హైమ మెట్టు మీద కూర్చుండిపోయింది. చెల్లెలు ఏం చేయాలో తోచక పిల్లను కింద దించింది. పండు ఎక్కిళ్ళు పెడుతూనే తల్లి ముఖం వంక చూడకుండా పాకుతూ వచ్చి, ఒడి తడుముకుని, వెనుతిరిగి అందులో కూర్చుంది. వీపు ఆమె గుండెలకు ఆనగానే ఏడుపు ఆగింది. ఖాళీ మైదానం వైపు చూస్తూ, వేలు నోట్లో పెట్టుకుంది.