పన్నెండో చోటు

ఆయమ్మ మెట్లెక్కి వస్తున్న చప్పుడు విని, మరిది బల్ల కిందికి దూరి పెన్ను వెతకడం మొదలుపెట్టాడు. పెన్నేమీ పడలేదు, జేబులోనే ఉంది. కానీ రెండేళ్ళపాటు తన కూతురికి ముద్దలు కలిపి తినిపించిన మనిషి, ఆ పిల్లను మానిపించిన పదకొండో రోజున ఎదురుగా వచ్చి నిలబడితే ఏ తండ్రికైనా బల్ల కింద కాస్త పని పడుతుంది.

"దొరికితే పైకి రండి మరిదిగారూ," అంది వదిన.

చివర 'గారు' తగిలిందంటే గొడవ ముదిరినట్టే. అతను లేచి, తలకి బల్ల తగిలించుకుని, కుర్చీలో కూర్చున్నాడు.

చుట్టుపక్కల నాలుగు వీధుల్లోనూ ఆమె అందరికీ డిటెక్టివ్ వదినే. నిజానికి ఆమె వదిన అయ్యేది ఈ ఒక్కడికే. పదేళ్ళు బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టి, ఆ తర్వాత సొంతంగా ఈ గది తెరిచింది. అన్నగారికి ఆ తెలివి చూస్తే భయం, తమ్ముడికి భక్తి. అందుకే అన్నగారు బ్యాంకులోనూ, తమ్ముడు ఇక్కడా పనిచేస్తున్నారు.

"చెప్పండి. ఏం జరిగింది?"

"ఏం జరిగిందో తెలిస్తే మీదాకా ఎందుకొస్తానమ్మా?" ఆయమ్మ కుర్చీ అంచున కూర్చుంది. "నా గదికి ఏదో అయిందంటున్నారు. పదకొండు మంది పిల్లలుండేవాళ్ళు. ఇప్పుడు ఒక్కరూ లేరు. నెలాఖరులోగా తిరిగి రాకపోతే గది ఖాళీ చెయ్యమన్నాడు ఇంటాయన. పద్దెనిమిదేళ్ళుగా ఊరివాళ్ళ పిల్లల్ని పగలంతా చూసుకోవడమే నా పని. నాకు వేరే పని రాదు."

సంగతి ఇదీ. ఊళ్ళో పాతికేళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరైన మాస్టారి దగ్గర టిక్కుటిక్కుమనే పెట్టె ఒకటి ఉంది. నేలలోంచి, రాళ్ళలోంచి, ఆకాశంలోంచి, ఆ మాటకొస్తే మన ఒంట్లోంచి కూడా కాస్త రేడియేషన్ ఎప్పుడూ వస్తూనే ఉంటుందనీ, అది సహజమేననీ, ఎక్కడ ఎంతుందో చూడ్డం సరదాయేననీ ఆయన అనేవారు. ప్రతి శనివారం పన్నెండు చోట్ల తిరిగి, చోటుకు పది నిమిషాల చొప్పున టిక్కులు లెక్కపెట్టి, ఆ కాగితం లైబ్రరీ బోర్డుకు అంటించేవారు. జనం దాన్ని క్రికెట్ స్కోరులా చదివేవారు. నల్లరాతి మెట్లున్న బ్యాంకు ఎప్పుడూ ముందుండేది, పార్కు ఎప్పుడూ వెనకే.

పన్నెండో చోటు ఆయమ్మ గది. "మా గదీ కొలవండి మాస్టారూ, పిల్లలకి సరదాగా ఉంటుంది" అని అడిగింది ఆయమ్మే. ఏడాదిపాటు అక్కడ నిమిషానికి ఇరవై టిక్కులు. మూడు వారాల నుంచి అరవై పైన. మొదటి వారం గుసగుసలు. రెండో వారం పిల్లలందరూ మాయం.

"మాస్టారు మీ గదిలో ఎలా కొలుస్తారు?"

"ఇదివరకు మూడుకాళ్ళ స్టాండు మీద పెట్టెను పెట్టి, తను బయటికెళ్ళి నిలబడేవారు. మొన్నామధ్య ఒక బుడత స్టాండు పట్టుకుని ఊగి పడేసింది. ఆ రోజునుంచీ మూల కుర్చీలో కూర్చుని ఒళ్ళోనే పెట్టుకుంటున్నారు."

"ఎవరా బుడత?"

ఆయమ్మ మొహమాటంగా మరిది వైపు చూసింది. "చిన్నపిల్లలమ్మా, ఆడుకుంటారు. పాపకి జలుబు తగ్గిందా బాబూ?"

మరిది మళ్ళీ బల్ల కిందికి చూశాడు. ఈసారి దూరడానికి ధైర్యం చాల్లేదు. "తగ్గుతోందండీ."

"పెట్టె చప్పుడు మీకు వినబడేదా?" అంది వదిన.

"వినబడకేం? మొదటి రెండువారాలూ మూకుట్లో గింజలు వేగినట్టు టకటకలాడింది. మూడోసారికి పిల్లల్లేరు, గదిలో మేమిద్దరమే. ఆ రోజు కుళాయి చుక్క పడ్డట్టు ఎప్పటిలాగే వినబడింది. కాగితం మీద మాత్రం మళ్ళీ అరవై దాటింది. నాకే చెవుడొచ్చిందేమో అనుకున్నా."

వదిన ఆ మాట కాగితం మీద రాసుకుంది.

మర్నాడు ఉదయం మాస్టారింటికి వెళ్ళారు. మంచమంతా పటాలు, వాటినిండా పెన్సిలు చుక్కలు. మనిషి పల్చగా ఉన్నారు. చొక్కా ఎడమజేబు ఖాళీగా వేలాడుతోంది. దాని మీద రూపాయి బిళ్ళకన్నా పెద్దగా, గుండ్రంగా బట్ట అరిగిన గుర్తు.

"ఏరా, బాగున్నావా?" అన్నారు మరిదిని చూసి. "ఇంకా అంకెలు కాపీ కొడుతున్నావా?"

ఇరవై ఏళ్ళనాటి మాట. పక్కవాడి రికార్డులోంచి లోలకం అంకెలు దించుకున్నందుకు, ఈ మాస్టారే తన రికార్డు చింపి చేతిలో పెట్టి, 'చూసి రాసిన అంకె తప్పైనా ఫరవాలేదురా, చూడకుండా రాసింది ఒప్పైనా నాకొద్దు' అన్నారు. క్లాసంతా నవ్వింది. తనేమో ఇంటికెళ్ళి ఏడ్చాడు. అప్పటినుంచీ మాస్టారంటే దేవుడు.

"పెట్టె సరిగ్గా పనిచేస్తోందని మీకెలా తెలుస్తుంది మాస్టారూ?" అంది వదిన.

ఆయన బల్ల సొరుగు లాగి, రెండు గుడ్డల్లో చుట్టిన చిన్న గుండ్రటి రేకుడబ్బా తీశారు. లోపల పాతకాలం గ్యాస్‌లైటు మాంటిల్, మంట చుట్టూ కట్టే జాలిగుడ్డ. దగ్గరికి తేగానే పెట్టె గొల్లుమంది. "దీనికి పూసిన మందులోంచి రేడియేషన్ వస్తుంది, అది పెట్టెను వాగిస్తుంది. ప్రతి చోటా మొదలుపెట్టే ముందు ఒకసారి చూపించి, పనిచేస్తోందని నమ్మకం కలిగాక దూరంగా... దూరంగా పెట్టేస్తాను."

"దగ్గరుంటే ప్రమాదమా?"

"అబ్బే, మనిషికి ఏం కాదు. లెక్క పాడవుతుంది, అంతే."

"పెట్టె, నోటుబుక్కు ఒక్కరోజు ఇస్తారా? ఆ గది మేమూ కొలుస్తాం."

"తీసుకెళ్ళండి," అన్నారు అడిగీ అడగకముందే. గుమ్మందాకా వచ్చి, "ఈసారి అంకె మామూలుగానే రావచ్చు," అన్నారు.

ఆయమ్మ గదిలో పదకొండు చిన్న చెప్పుల గళ్ళు, పదకొండు ఖాళీలు. స్టాండు మీద పెట్టెను పెట్టి పది నిమిషాలు లెక్కపెట్టారు. పంతొమ్మిది, ఇరవైమూడు, పదిహేడు... అన్నీ ఆ లెక్కలోనే. వెనక గోడకు ఇంటాయన ఆనించిన నల్లరాతి పలకలున్నాయి. వాటి దగ్గర ఇరవై ఆరు.

"నా రాళ్ళమీద పడ్డారేం?" ఇంటాయన తాళాలగుత్తి ఊపుకుంటూ వచ్చాడు. "గది ఖాళీ అయితే దుకాణం పెడతాను, అందుకే తెచ్చా. దాచేదేముంది?"

"శనివారాలు మీరు గదిలోకి వస్తారా?"

"ఆ పిల్లల గోలలోకా? నాకేం పట్టిందమ్మా!"

అతను వెళ్ళగానే మరిది గొంతు తగ్గించి అన్నాడు. "వదినా, ఇతనే. తాళం ఉంది, దుకాణం మీద ఆశ ఉంది. శనివారం పూట ఏదో తెచ్చి పెట్టి, మర్నాడు తీసేస్తున్నాడు."

"తాళం ఉంది, ఆశ ఉంది. ఆ మూడోది కూడా ఉండాలి కదా, బుర్ర?" అంది వదిన. "ఆ నోటుబుక్కులో చివరి రెండువారాల అంకెలు నీ పుస్తకంలోకి ఎక్కించు."

ఎక్కించాడు. రెండో వారం: 61, 72, 58, 66, 70, 63, 59, 74, 65, 68. మూడో వారం: 68, 65, 74, 59, 63, 70, 66, 58, 72, 61.

వదిన ఆ రెండు వరసలనూ చాలాసేపు చూసింది. ఆమె ముఖంలో దొంగ దొరికిన ఉత్సాహం లేదు. పెళ్ళివారింట్లో పెద్దాయన పంచె జారడం చూసినట్టు తల తిప్పుకుంది.

"శనివారం పదింటికి అందర్నీ ఇక్కడికే పిలువు. పదకొండు ఇళ్ళకీ కబురు పెట్టు." మెట్లు దిగుతూ ఆగింది. "పదిళ్ళకి చాల్లే. జలుబు పాప తండ్రి ఎలాగూ వస్తాడుగా. పన్నెండు రోజుల జలుబు! వైద్యశాస్త్రంలోకి ఎక్కించాలి."

"మీకు ముందే తెలుసా?"

"మొదటి రోజు నుంచీ. నువ్వు చెబుతావేమోనని చూస్తున్నా."

పది ఇళ్ళలో నలుగురు వచ్చారు. తక్కినవాళ్ళకి పనులున్నాయట. పెద్దకుర్చీ ఉన్నది ఒక్కటే, అందులో మాస్టారిని కూర్చోబెట్టింది ఆయమ్మ. మిగతావాళ్ళు పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని సర్దుకున్నారు. ఇంటాయన కుర్చీ కిర్రుమంటే ఎవరూ నవ్వలేదు.

"గదిలో లోపం లేదు," అని మొదలుపెట్టింది వదిన. "గురువారం మేం కొలిస్తే ఎప్పటిలా ఇరవై. రాళ్ళలోనూ లేదు. పెట్టె కూడా అబద్ధం చెప్పలేదు. మొదటి రెండు శనివారాలూ అది నిజంగానే టకటకలాడింది, ఆయమ్మ చెవులతో విన్నది. అంటే ఆ రెండురోజులూ పెట్టె దగ్గర ఏదో ఉంది. పదకొండు చోట్ల పెట్టె స్టాండు మీద ఉంటుంది, మాస్టారు దూరంగా నిలబడతారు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది ఇక్కడొక్కచోటే. అదీ స్టాండు పడిపోయిన రోజునుంచే. ఆ రోజునుంచే అంకె పెరిగింది. మరి పెట్టె పక్కన ఉన్నదేమిటి?"

"మాస్టారు," అంది ముందు వరసలో ఒకామె, గబుక్కున.

"మాస్టారి చొక్కాజేబు. పెట్టెను పరీక్షించే మాంటిల్ డబ్బా ఏళ్ళ తరబడి ఆ జేబులోనే ఉండేది. బట్ట మీద గుండ్రంగా అరుగుదల చూడండి. పెట్టె ఒళ్ళో, డబ్బా గుండె మీద. మధ్యలో జానెడు దూరం."

ఒక్కసారిగా అందరికీ ఊపిరి వచ్చింది. ఇంటాయన "ఓస్, ఇంతేనా!" అన్నాడు. మరిదికైతే లేచి మాస్టారి కాళ్ళు పట్టుకోవాలనిపించింది. పొరపాటు! దేవుడికైనా పొరపాటు వస్తుంది.

"ఇంకా అయిపోలేదు," అంది వదిన. "మరిదీ, మూడో వారం అంకెలు చదువు."

"అరవై ఎనిమిది, అరవై అయిదు, డెబ్భై నాలుగు, యాభై తొమ్మిది, అరవై మూడు..." పదీ చదివాడు.

"ఇప్పుడు రెండో వారంవి. చివర్నుంచి మొదటికి."

"అరవై ఎనిమిది. అరవై అయిదు. డెబ్భై నాలుగు. యాభై..."

 పుస్తకంలో అంకెలు కనబడుతూనే ఉన్నాయి. నాలుక మీదికి రావడం లేదు. చిరిగిన రికార్డు చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు కూడా ఇంత సిగ్గు వెయ్యలేదు. అప్పుడు సిగ్గు తనది.

"యాభై తొమ్మిది," అన్నారు మాస్టారు కుర్చీలోంచి. "చదవరా. తప్పుల్లేవులే, సరిగ్గానే తిరగేశాను."



"రెండోవారం కాగితం అంటించిన రాత్రి చొక్కా విప్పుతుంటే డబ్బా కిందపడింది. అప్పుడు తెలిసింది. మర్నాడు పొద్దున్నే చెప్పేద్దామనుకున్నాను. లైబ్రరీ దగ్గర నలుగురు నిలబడి, 'మాస్టారు లేకపోతే మన పిల్లలేమైపోయేవారో' అంటున్నారు. దణ్ణాలు పెట్టారు. సోమవారం చెబుదామనుకున్నాను. ఆ తర్వాత మంగళవారం." ఆయన చేతులు చూసుకున్నారు. "మూడోవారం డబ్బా ఇంట్లో పెట్టి వచ్చాను. ఇరవై వచ్చింది. ఇరవై అని రాస్తే, ముందు అరవై ఎలా వచ్చిందని అడుగుతారు. రాయలేకపోయాను."

"మూడోవారం కూర్చున్నది ఇదే కుర్చీ," అంది ఆయమ్మ. ఆమె గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది, అదే వినలేకుండా ఉంది. "ఎండన పడి వచ్చారని మంచినీళ్ళిచ్చాను."

"తాగాను," అన్నారు మాస్టారు.

నలుగురు తల్లిదండ్రులూ పిల్లల కుర్చీల్లో ఇంకా చిన్నగా అయిపోయారు. ఒకాయన గొంతు సవరించుకుని, అసలు తమకు తాముండే మేడ మెట్లమీద ఎవరో చెబితేనే భయపడి మానిపించామనీ, లేకపోతే కాగితం చూసి ఊరుకునేవాళ్ళమనీ అన్నాడు.

వదిన ఎవరి వైపూ చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"ఆ ఎవరో నేనే," అన్నాడు మరిది. లేచి నిలబడాలనుకున్నాడు గానీ, చిన్నకుర్చీ కూడా తనతోపాటు లేచింది. దాన్ని ఊడదీసుకుని చెప్పాల్సి వచ్చింది. "మా పాపకి జలుబేం లేదు ఆయమ్మా. కాగితం చూసిన సాయంత్రమే మానిపించాను. మీ దగ్గరికొచ్చి ఒక్కమాట అడగలేదు. మెట్లమీద కనిపించిన ప్రతివాళ్ళకీ మాత్రం చెప్పాను. మా ఆవిడ 'ఆయమ్మని అడిగావా' అంటే, అడిగానన్నాను."

ఆయమ్మ లేచి, అక్కర్లేకపోయినా రెండు కుర్చీలు సర్దింది.

"నేను రేపే నిజం రాసి బోర్డుకి అంటిస్తానమ్మా," అన్నారు మాస్టారు. "ఇక పెట్టె ముట్టుకోను."

"రాయొద్దు," అంది ఆయమ్మ. "రాస్తే కాగితం చాటున నిలబడతారు. పెట్టె మీ ఇష్టం, దాని గొడవ నాకొద్దు. రానివాళ్ళు ఆరిళ్ళవాళ్ళు. ఇంటింటికీ వెళ్ళి నోటితో చెప్పండి, ఇవ్వాళే. బాబూ, నువ్వూ వెళ్ళు, మెట్లు నీకు అలవాటేగా. సోమవారం ఎనిమిదింటికి తలుపు తీస్తాను. వస్తే పిల్లలు, రాకపోతే తాళం ఇంటాయనకి." మాస్టారి వైపు తిరిగింది. "మిమ్మల్ని క్షమించానని మాత్రం ఎక్కడా చెప్పకండి. అది నేనింకా చూసుకోలేదు."

మొదటి ఇంట్లో మాస్టారు 'నేను' అన్నదాకా చెప్పి ఆగిపోయారు. ఆ వాక్యం తను పూర్తి చేద్దామని మరిదికి నోటిదాకా వచ్చింది. పళ్ళు బిగించి ఊరుకున్నాడు. కాసేపటికి ఆయనే పూర్తి చేశారు. తర్వాత తన వంతు తను చెప్పాడు. తలుపు తీసినామె ఇద్దరినీ పైనుంచి కిందిదాకా చూసి, "సిగ్గుండాలి," అంది. ఎవరికన్నది చెప్పలేదు, ఇద్దరూ చెరిసగం తీసుకున్నారు. లోపల్నుంచి పిల్లాడు "ఆయమ్మ వచ్చిందా?" అని అరిచాడు. ఆమె వెనక్కి చూసి, ఇటు తిరిగి, "ఎనిమిదింటికేనా?" అంది.

"ఎనిమిదింటికే," అన్నారు మాస్టారు.

మూడో ఇంట్లో తలుపు మొహమ్మీదే వేశారు. అయిదో ఇంట్లో కుర్చీ వేశారు, అది ఇంకా కష్టమైంది. ఆరిళ్ళూ అయ్యేసరికి మాస్టారు మెట్లమీద కూలబడి, ఇక ఇంటికి వెళతాను అన్నారు.

"ఇంకో ఇల్లుంది మాస్టారూ," అన్నాడు మరిది. "కానీ అక్కడ మాట్లాడాల్సింది మీరు కాదు."

ఒక్కడే పై అంతస్తుకు ఎక్కాడు. లోపల కూతురు ఏదో పాడుతోంది. రెండు వారాలుగా సెలవుపెట్టి కూర్చున్న భార్య, దాన్ని కసురుతోంది. జేబులో తాళంచెవి ఉంది. అయినా చెప్పులు విడిచి, పక్కకు జరిగి నిలబడి, పరాయివాడిలా గంట నొక్కాడు.