తీగ చివర ప్రాణం

ధడ్!

పిస్టల్ పిడి డాక్టరు తమ్ముడి నుదుటి మీద పడింది. రక్తం ఈసీజీ స్క్రీన్ మీదికి చిమ్మింది.

"వాణ్ణి కొట్టకండి! స్క్రీన్ చూసి చెప్పేది వాడే!" డాక్టరు అరిచింది.

"అయితే త్వరగా కానివ్వు."

పిస్టల్ పట్టుకున్నది బావమరిది. బల్ల మీద, ముఖం దాకా గుడ్డ కప్పుకుని పడుకున్నది అతని బావ. ఊరంతా వణికే పెద్దన్న!

పెద్దన్న గుండెలో కరెంటు దారి తెగిపోయింది. వాచ్‌మన్‌ని కాల్చేసి మరీ బావమరిది అతన్ని ఆసుపత్రిలోకి మోసుకొచ్చాడు. ఇప్పుడా గుండె ఆడుతున్నది పక్కనున్న పేస్‌మేకర్ పెట్టె దయతో... డాక్టరు చేతిలోని సన్నటి తీగ గుండా.

తీగ కొసనున్న మర గుండె మధ్యగోడలోకి దిగుతోంది. తెగిన చోటుకి దిగువన, పుట్టుకతో వచ్చిన ఆ దారినే అందుకోవాలి. ఒక్క తిప్పు తక్కువైతే అందదు. ఎక్కువైతే గోడకు చిల్లు!

"అక్కా... గీత ఇంకా వెడల్పుగానే ఉంది."

తిప్పింది.

"సన్నబడింది! దొరికిందక్కా!"

"శభాష్." బావమరిది పిస్టల్‌ని తమ్ముడి కణతకు ఆనించాడు. "ఇప్పుడు పీకెయ్."

"ఏంటి?"

"తీగ! ఆపరేషన్లో పోయాడంటే నన్నెవడూ అడగడు. ఇన్నేళ్లు ఆయన చెప్పులు మోశాను, చాలు. పీకలేదా... నీ తమ్ముడు పోతాడు."

అడకత్తెరలో పోకచెక్కలా అయింది ఆమె పని. భయం. అంతకు మించి ఒళ్లు మండే కోపం.

ఈ తెలివైనవాడికి ఒక్క సంగతి తెలియదు. దీనికి మత్తు భుజం దగ్గర మాత్రమే ఇస్తారు. గుడ్డ కింద మనిషి మెలకువగానే ఉంటాడు! గుడ్డ కప్పేటప్పుడు అతని తొడ కింద తగిలిన ఇనుము సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

"సరిగ్గా చెప్పండి," గొంతు పెంచింది. "మీ బావని చంపమంటున్నారా?"

"అవునే! చంపు!"

గుడ్డ అంచు కింద ఒక కన్ను మెరిసింది.

ఢాం!

బావమరిది గొంతు పట్టుకుని కూలిపోయాడు.

"పక్కలో బల్లెం..." పెద్దన్న గుడ్డ లాగేశాడు. "నా ఇంటి గుట్టు బయటికి పోకూడదు డాక్టరమ్మా. పని పూర్తయ్యేదాకా మీరు కావాలి. వీడక్కర్లేదు."

పిస్టల్ తమ్ముడి వైపు తిరుగుతోంది...

ఆమె తీగని పెట్టె నుంచి ఊడబెరికింది!

స్క్రీన్ మీద గీత చదునైపోయింది. పెద్దన్న కళ్లు తేలేశాడు. ఢాం! గుండు సీలింగులోకి పోయింది. చెయ్యి వాలిపోయింది.

"పిస్టల్ లాక్కోరా!"

తమ్ముడు లాక్కున్నాడు. ఆమె తీగని మళ్లీ తగిలించింది.

బీప్... బీప్...

పెద్దన్న కళ్లు తెరిచాడు. ఎదురుగా తన పిస్టలే.

"వీణ్ణెందుకు బతికించావక్కా?"

ఆమె వేళ్లు తీగ మీదే ఉన్నాయి.

"కదలకండి," అంది పెద్దన్నతో. "ఇంకా కుట్లు వెయ్యాలి."