నిండుకున్నాయి

ఓబుళమ్మ మూడో సొరంగంలోని తుపాకీ కణికల అరలన్నీ చేత్తో తడిమి చూసి, తొమ్మిది గంటలకు శ్వాసముద్ర గొట్టం ముందు కూర్చుంది. గొట్టంలోకి మూడుసార్లు ఊదింది. పచ్చదీపం వెలిగింది. మాట్లాడేది బతికున్న మనిషేనని సైన్యాన్ని నడిపే యంత్రం నిర్ణయిక ఒప్పుకుంది.

“బూదిలికొండ గిడ్డంగి. కణికల సంగతి చెప్పండి.”

“నిండుకున్నాయి,” అంది ఓబుళమ్మ.

“నమోదైంది.”

అట్లా చెప్పడం ఇది ఏడో రోజు. అంతకుముందు పదకొండేళ్ళ పాటు “ఉండాయి” అనో “తగ్గినాయి” అనో చెప్పేది. భూమి మీద దేశాలన్నీ రెండు పక్షాలుగా చీలి కొట్టుకోవడం మొదలైన నాలుగో ఏటికే యంత్రాల అంకెల మీద అందరికీ నమ్మకం పోయింది. ఎవరి అంకెలనైనా అవతలివాళ్ళు కూర్చున్న చోటి నుంచే మార్చేసేవారు. అందుకని గిడ్డంగికొక మనిషి, రోజుకొక మాట. ఆ మాటను బట్టి ఎవరిని ఎప్పుడు ముందుకు నడపాలో నిర్ణయిక తేలుస్తుంది. సేనాపతులు జెండా వందనాలకు తప్ప ఎందుకూ కొరగాకుండా పోయారు.

ఖాళీ అరల మధ్య తిరగడం ఆమెకు దిగులుగానే ఉంది. అయినా లోలోపల కాస్త నెమ్మది. తుపాకుల్లోకి కణికలే అందకపోతే ఎవరిని ముందుకు తోస్తారు? ముందువరుసలో ఉన్న కూతురు చౌడేశ్వరి ఈ వారమంతా కందకంలో ఊరికే కూర్చుని ఉంటుందని ఆమె ధైర్యం.

పదిన్నరకు మద్దిలేటి పరుగున వచ్చాడు. కొండ మీది వార్తాగదిలో పని అతనిది, ఓబుళమ్మకు వరసకు తమ్ముడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

“అక్కా, వారం నుంచి గొట్టంలో ఏమని చెప్తాండావు?”

“ఏమని చెప్తారప్పా? నిండుకున్నాయని.”

అతను చేతిలోని నిర్ణయిక నమోదు కాగితం ఆమె ముందు పెట్టాడు. బూదిలికొండ కణికలు నిండుగా ఉన్నవి, ముందుకు నడపవచ్చును. ఏడు తేదీల కిందా అదే వాక్యం.

ఓబుళమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. ఇంట్లో బియ్యం అడుగంటితే ఒక మాట మాత్రం అనకూడదు, అంటే ఆ ఇంట నిజంగానే ఏమీ మిగలదు. నిండుకున్నాయి అనాలి. ఊహ తెలిసినప్పటి నుంచి తల్లి ఆమెకు మూతి మీద కొట్టి మరీ నేర్పిన పాఠమిది. నిర్ణయికకు తెలుగు నేర్పిన పెద్దలు వ్యాకరణాలు తిరగేశారే గానీ ఏ వంటింటి గడపా తొక్కినట్టు లేదు.

“దినానికొక వరుస, ఆరు వరుసలు పోయినాయి,” అన్నాడు మద్దిలేటి. “ఒట్టి తుపాకులతో. ఒక్కరూ తిరిగి రాలేదక్కా.”

“కణికలు అందలేదని వాళ్ళు మొత్తుకోలేదా?”

“మొత్తుకున్నారు. భయపడ్తాండారని నిర్ణయిక రాసుకునింది.”

“చౌడేశ్వరి?”

“ఏడో వరుస. పన్నెండు గంటలకు.”

“నా నోరు పడిపోను,” అంటూ ఆమె నేల మీద కూలబడింది. వరుసకు మూడు వందల మంది. వాళ్ళలో పాలుగారే మొహాలు ఎన్నో ఆమెకు తెలుసు. ఇదివరకు ఈ గిడ్డంగి గుమ్మంలోనే కణికల సంచులు భుజాన వేసుకుని “వస్తాం పెద్దమ్మా” అని వెళ్ళినవాళ్ళు.

గొట్టం రోజుకొక్క మాటే తీసుకుంటుంది. చెప్పిన మాటను మార్చాలంటే ఏడుగురు అధికారుల ముద్రలు, రెండు రోజులు కావాలి. ఆమె లేచి కొండ మెట్ల వైపు నడిచింది.

“యాడికి?”

“నీ గదిలో బయలుతరంగం ఉంది కదా. అందులో పడిన మాటను నిర్ణయిక అప్పుడే లెక్కలోకి తీసుకుంటాది.”

మద్దిలేటి అడ్డం నిలబడ్డాడు. “అవతలోళ్ళూ ఇంటారక్కా! లోకమంతా ఇంటాది. సాయంత్రానికి కొండెక్కి మనందర్నీ సంపుతారు. ఈ కొండలో మూడువేల మందిమి ఉండాం.”

“ఆరు వరుసల్ని తుడిచిపెట్టినోళ్ళు ఇంతవరకూ ముందుకు ఎందుకు రాలేదు?”

నిజానికి ఎందుకు రాలేదో ఆమెకూ తెలియదు. తెలియకుండానే మూడువేల ప్రాణాలను కూతురి కోసం ఒడ్డుతోంది. ఆ సంగతి మాత్రం ఆమెకు బాగా తెలుసు, అయినా అతన్ని పక్కకు తప్పించి మెట్లెక్కింది.

మీట నొక్కింది. “బూదిలికొండ నుంచి ఓబుళమ్మను. మా తావ కణికలు...” నాలుక తిరగలేదు. యాభై రెండేళ్ళలో ఆ మాట ఏ గింజ గురించీ అనలేదు.

“లేవు,” అంది. “ఒక్కటి గూడా లేదు. ఒట్టి చేతుల పిల్లోళ్ళు మీ మీదికి వస్తాండారు. కొట్టొద్దండి.”

నిర్ణయిక వెంటనే పలికింది. “ఏడో వరుస నిలుపుదల. బూదిలికొండ పతనానికి నాలుగు గంటలు.” మద్దిలేటి తల పట్టుకుని కూర్చున్నాడు.

పావుగంట తర్వాత తరంగం గరగరలాడింది. ఎవరో ముసలాయన, తెలియని భాష. యంత్రం దాన్ని తన పుస్తకాల తెలుగులోకి మార్చి చదివింది.

“నేను మీ ఎదుటి పక్షపు గిడ్డంగి కావలివాడను. మా వద్ద కూడా లేవు. ఇరువది దినములుగా లేవు. మీ వారు వచ్చినప్పుడు రాళ్ళతో కొట్టితిమి. వారి తుపాకులు పేలకపోవుట చూచి కూడా కొట్టితిమి.”

ఆ తర్వాత ఆయన ఏడ్చాడు. ఏడుపును యంత్రం అట్లాగే వదిలేసింది.

ఇంకో గొంతు కలిసింది, సముద్రం అవతల ఏదో గిడ్డంగి. తర్వాత మరొకటి. పదకొండున్నరకల్లా నలభై చోట్ల నుంచి, ఇరుపక్షాల నుంచీ, అదే మాట. నిర్ణయిక మూడుసార్లు లెక్క మొదలుపెట్టి మూడుసార్లూ ఆపేసింది. “నడపడానికి ఆధారం లేదు,” అని చెప్పి ఊరుకుంది.

పన్నెండయింది. ఏడో వరుస కదలలేదు.

“పాప బతికిందక్కా,” అన్నాడు మద్దిలేటి ఆమె భుజం పట్టుకుని.

ఓబుళమ్మకు ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే ఆ పద్దెనిమిది వందల మంది తల్లులు గుర్తొచ్చి, సంతోషపడినందుకు సిగ్గుతో చచ్చిపోయింది. వాళ్ళను పంపింది తన నోరే. మళ్ళీ మీట నొక్కింది.

“అయ్యా, మా పిల్లోళ్ళు యాడ పడిండారో ఆడనే ఉంచండి. మేమొచ్చి తెచ్చుకుంటాం.”

“ఎప్పుడు వచ్చెదరు?” అని యంత్రం అడిగింది, ఆ ముసలాయన మాటగా.

“ఇప్పుడే,” అంది ఓబుళమ్మ.