తోస్తేనే కదిలే బండి

ఆమె ఇంజన్లో నూనె కొలిచే డిప్‌స్టిక్ బయటికి లాగి, పాత బనీను గుడ్డతో తుడిచి, మళ్లీ దించి తీసింది. నూనె రెండు గీతల మధ్యే ఉంది. రేడియేటర్ మూత విప్పి చెంబెడు నీళ్లు పోసింది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే ఆ మూత ముట్టుకోవాలని తాత నేర్పాడు. ఆ పాత పికప్ తాతదే. ఆయన పోయాక తమ నర్సరీ మొక్కలు ఊరంతా చేరవేసే పని మనవరాలిదైంది. నాన్నకి మొక్కల జబ్బులు తెలుసు గానీ బండి జబ్బులు తెలియవు.

ఇంత చూసుకుంటున్నా ఈ మధ్య బండి మొరాయిస్తోంది. తాళం తిప్పితే లైట్లు వెలుగుతాయి, స్టార్టరు మాత్రం టిక్కుమని ఊరుకుంటుంది. ఆ వెంటనే ఎదురింటి తలుపు తెరుచుకుంటుంది. ఇళ్లకి వైరింగు చేసే కరెంటబ్బాయి జుట్టు సర్దుకుంటూ వచ్చి, వీధి చివరి పల్లం దాకా తోస్తాడు. బండి దగ్గి, పొగ వదిలి, కదిలిపోతుంది. అతను అద్దంలో చిన్నవాడయ్యేదాకా ఆమె చూస్తూనే ఉంటుంది.

ఇవాళా టిక్కుమంది. అతనూ వచ్చాడు.

"మళ్లీనా?"

"బండికి మీరు అలవాటైపోయారు."

"బండికేనా?"

ఆమె దిగి, బానెట్ మీద లేని దుమ్ము తుడవసాగింది.

నాన్న వరండాలోకి వచ్చాడు. "ఇవాళ తొయ్యక్కర్లేదు బాబూ. ఇక ఎప్పుడూ అక్కర్లేదు. పాతబండ్ల వ్యాపారికి చెప్పేశాను. కాసేపట్లో వచ్చి తీసుకెళ్తాడు."

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"నాకో మాట చెప్పక్కర్లేదా నాన్నా?"

"చెప్తే ఒప్పుకుంటావా? రోజూ పరాయి పిల్లాడి చేత తోయించుకుంటున్నాం, సిగ్గుగా ఉంది. మొక్కలకి ఆటో మాట్లాడదాం. నువ్వు పిన్ని కుట్టుషాపులో కూర్చో, నీడపట్టున ఉంటావు."

నీడ ఎవరిక్కావాలి? ఆమెకి కావలసింది ఆ స్టీరింగు, వెనక ఊగుతూ వచ్చే మొక్కలు, ఎక్కడ ఆపినా ఎవరో ఒకరు ఎదురొచ్చి కుండీ అందుకోవడం.

"ఇవాళ్టికి ఆగు. నేనే బాగుచేస్తా."

"ఇన్నాళ్లూ చేయలేనిది ఇవాళ చేస్తావా?"

దానికి ఆమె దగ్గర జవాబుంది. చెప్పేది మాత్రం కాదు.

"ఒకసారి నేను చూడనా అంకుల్?" అన్నాడు అతను.

"వద్దు," అని ఆమె బానెట్‌కి అడ్డం నిలబడింది. "చేతులు పాడవుతాయి."

"తోసి తోసి చొక్కాలే పాడయ్యాయి. చేతులదేముంది?"

బానెట్ ఎత్తాడు. బ్యాటరీ మీద తుప్పు తెల్లగా బూజులా పేరుకుని ఉంటుందనుకున్నాడు. ఏమీ లేదు. వైరు బిగించే క్లాంపు గీకి శుభ్రం చేసి, పైన పల్చగా గ్రీజు రాసి ఉంది, మెరుస్తోంది. దాని నట్టు మాత్రం వేలితో తాకితే తిరిగింది.

అతను తలెత్తి చూశాడు.

"గ్రీజెవరు రాశారు?"

"నేనే," అంది గొంతు తగ్గించి. "తుప్పు పట్టనివ్వడం నాచేత కాదు."

"మరి నట్టు?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. దొంగపని కూడా ఇంత శుభ్రంగా చేసే మనిషిని అతను ఎన్నడూ చూడలేదు.

"రోజూ మీరే వదులు చేస్తున్నారా?"

"సాయంత్రం ఇంటికొచ్చాక. పొద్దున వీధి మలుపు తిరిగాక బిగించేస్తాను. మీరు తోస్తుంటే పాపం అనిపించేది."

"పాపమా? నా పని ఎండెక్కితే గానీ మొదలవదు. మీ స్టార్టరు టిక్కుమనేలోపు మొహం కడుక్కోవాలని అలారం పెట్టుకుని లేస్తున్నాను."

నవ్వు కనిపించకుండా ఆమె గుడ్డ అడ్డం పెట్టుకుంది. బుగ్గ మీద నల్లటి చార పడింది. అతను చూశాడు గానీ చెప్పలేదు. బాగుందనిపించింది.

"ఏంటర్రా ఆ గుసగుసలు?" నాన్న మెట్లు దిగాడు.

ఆమె జేబులోంచి స్పానరు తీసిచ్చింది. అతను నట్టు బిగించాడు. ఆమె ఎక్కి తాళం తిప్పగానే బండి ఒక్క గుక్కలో అందుకుంది.

"ఏమైంది దానికి?"

"తుప్పండీ, మావయ్యగారూ."

ఆయన్ని అతను అలా పిలవడం అదే మొదలు. నాన్న వంగి చూశాడు. తుప్పు ఎక్కడా లేదు. కూతురి బుగ్గ మీద చార చూశాడు, దాన్నే చూస్తున్న అబ్బాయినీ చూశాడు. ఆకు వాడితే ఆయన ఆకుని తిట్టడు, వేరు దగ్గర చూస్తాడు.

ఫోను తీసి, "రావద్దండీ, బండి అమ్మట్లేదు," అని పెట్టేశాడు. లోపలికి వెళ్లి ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు.

"ఎక్కడికి నాన్నా?"

ఆయన కాలరు సర్దుకున్నాడు. చెప్పులు వేసుకుని, గేటు తీసుకుని, వీధి దాటి, కరెంటబ్బాయి వాళ్లమ్మ బట్టలారేస్తున్న ఎదురింటి వైపు నడిచాడు.